నేతగాండ్రకు నేత యెవరు?

షోలాపురము తూర్పుభాగమున సాఖరుపేట, భద్రావతిపేట, అశోకచౌకు ప్రాంతములందు నడచువానికి ముందుగా వినవచ్చునది సాంచాల చప్పుడు. దాని వెనువెంటనే వినవచ్చునది తెలుగు. ఆ తెలుగులో మరాఠీ మాటలు పేకవలె దూరినవి. కాని పడుగు మాత్రము కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలది. అరుగులమీద స్త్రీలు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుందురు. లోపలి గదులలో చద్దరులును తువ్వాళ్లును దిగుచుండును. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయస్వామి రథము బయలుదేరినప్పు డీ పేటలన్నియు కదలివచ్చును. ఇది పరదేశ మనుట కష్టము. స్వదేశ మనుటయు కష్టమే.

ఇటీవల మే మా పేటలలో కొంతకాలము గడపితిమి. చిన్ననాట గుంటమగ్గముమీదను, పెద్దయైన పిదప సాంచామీదను బ్రతుకు వెళ్లదీసిన యొక వృద్ధునితో మాటలాడుచుండగా ఆచార్య ఎన్. జి. రంగాగారి ప్రసక్తి వచ్చినది. చేనేతనుగూర్చి ఆయన గ్రంథము వ్రాసినాడనియు, శాసనసభలలో నేతగాండ్రను తలచిన తొలి ఆంధ్ర నాయకులలో నొకడనియు మేము చెప్పితిమి. వృద్ధుడు శ్రద్ధగా విని, "గాయన ఏ పేటాయన?" అని యడిగెను. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నలో వ్యంగ్యము లేదు. తన్ను తలచినవాడు తన పేటవాడై యుండవలెనని ఆయన యనుకొనుట సహజము. అయితే నిడుబ్రోలునకును సాఖరుపేటకును నడుమ నున్న దూర మెంతయో ఆ యొక్క మాటతో మాకు తెలిసివచ్చినది. ఆ దూరము మైళ్లలో లెక్కింపదగినది కాదు.

రాజధానిలో ఉద్యోగములును వృత్తులును సలుపుకొను మన పాఠకులలో అనేకులకు రంగాగారి పేరు సుపరిచితమే. ఆయన దీర్ఘజీవితమున రెండు యుద్ధముల నడిమి కాలమును, రెండవ యుద్ధకాలమును మాత్రము తీసికొని, ఆ రాజకీయచరిత్రను షోలాపురపు సాలెవాడలో నిలుచుండి చూచినచో ఎట్లు కనిపించునో విచారింపదలచితిమి. మహాపురుషుల జయంతులు వారి స్వగ్రామములందే జరుగును. వారి చేయి చేరని చోటునుండి వారిని చూచు నలవాటు మనకు తక్కువ.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు మండలము నిడుబ్రోలున రైతుకుటుంబమున జన్మించిరి. ఆక్సుఫర్డునందు అర్థశాస్త్రము చదివి 1926లో బి. లిట్. పట్టము పొందిరి, మరలివచ్చి చెన్నపురి పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఆచార్య యను మాట నాటినుండి ఆయన పేరున కంటుకొన్నది. ఆ కాలపు అర్థశాస్త్ర పండితులు పెక్కుమంది గ్రంథాలయములలో కూర్చుండి విదేశవ్యాపారపు లెక్కలు వ్రాయుచుండగా, రంగాగారు పల్లెలకు పోయి కుటుంబమువెంట కుటుంబమును విచారించిరి. ఏ ఇంట ఎన్ని మగ్గములు, నూలెక్కడ తెచ్చుకొందురు, గుడ్డ యెవరికి వేయుదురు, అప్పెంత యని యడిగి వ్రాసికొనిరి. దక్షిణదేశపు చేనేతవారి సాంఘికార్థిక స్థితిగతులపై ఆయన గ్రంథము 1930లో బొంబాయియందు అచ్చుపడినది. నేతగాడు దయకు పాత్రుడుగానో, ప్రదర్శనశాలలోని వింతగానో కాక, లెక్కలు గల మనుష్యుడుగా కనబడిన పుస్తకములలో నది మొదటివరుసది. ఈ యొక్క పనికే ఆయనకు ఋణపడియున్నాము.

1930వ సంవత్సరము వింతయైనది. ఆ గ్రంథము వెలువడిన యేడే రంగాగారు జాతీయోద్యమమున ప్రవేశించిరి. కేంద్రశాసనసభలో అడుగిడినదియు ఆ యేడే. నిజాము రాజ్యమున జోగిపేటలో ఆంధ్రమహాసభ మొదటిసారి కూడినదియు 1930లోనే. ఇక షోలాపురమున నేమి జరిగినది? ఏప్రిలు 6వ తేదీన పురపాలకసంఘ భవనముపై త్రివర్ణపతాక మెగిరినది. మే 5న గాంధీజీని నిర్బంధించిన వార్త వచ్చిన పిమ్మట మిల్లులు నిలిచిపోయినవి, జనము వీథులకెక్కినది, పోలీసులు తుపాకులు కాల్చిరి. మే 12న సైనికశాసనము విధింపబడి జూను నెలాఖరువరకు సాగినది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుస్సేన్ అను నలువురను 1931 జనవరి 12న యెరవాడ చెఱసాలలో ఉరితీసిరి. నేటికిని నగరమధ్యమున నలువురు హుతాత్ముల చౌకు కలదు.

ఆ నలువురిలో తెలుగు నేతగా డొకడు లేడని మేము చింతింపము. బలిదానమునకు కులభాషల వంతులు కట్టుట నీచము. కాని వేఱొక సంగతి గమనింపదగినది. అంతటి రాజకీయ జ్వాల చెలరేగిన యూరిలో, వేలకొలది తెలుగు నేతగాండ్రున్న పేటలనుండి, వారి పక్షమున చట్టసభలో మాటలాడువాడు రెండు యుద్ధముల నడుమ ఏల రాలేదు? అటువైపు తెలుగుదేశమున నేతనుగూర్చి అందఱికంటె నెక్కువ తెలిసిన రాజకీయవేత్త ఉన్నాడు. ఇటువైపు నేతగాండ్రే ఉన్నారు. ఇరువురును తెలుగువారే. ఏల కలియలేదు?

మొదటి సమాధానము అందఱికిని తోచునదే. నిజాము రాజ్యమున పుట్టి, బొంబాయి రాజధానిలో బ్రతుకుచు, చెన్నపురి రాజధానివారు మాటలాడు తెలుగునకు దగ్గఱి తెలుగు మాటలాడు మనుష్యుని ఏ పరిపాలన తనవానిగా లెక్కించును? వెట్టియు, కఱవును, నూలుగడ్డు ధరయు అతనిని వెడలగొట్టినవి. రైలును, మిల్లుల నూలును, కార్ఖానా పనియు అతనిని ఈడ్చుకొనివచ్చినవి. తన యూర ఎన్నికల మాట లేదు. వచ్చిన యూర ఓటునకు ఆస్తి కావలెను, పన్ను కావలెను. 1934లో కేంద్రశాసనసభ ఎన్నికలకు దేశమంతటను ఉన్న ఓటర్లు సుమారు 14 లక్షలు మాత్రమే. 1935 చట్టము పిదప రాష్ట్రసభలకు 3 కోట్లకు పైబడి ఓటర్లేర్పడిరి గాని, పరుల మగ్గముపై నేయుచు అద్దెగదిలో నివసించు వలసకూలికి ఆ వాకిలియు నిండుగా తెఱవబడలేదు. ఓటు లేని పేటకు నాయకుడు పోవుట యరుదు. పోయినను సభచేసి తిరిగివచ్చును.

అయినను ఈ సమాధానముతో మేము తృప్తిపడము. ఓటు లేని జమీందారీ రైతులయొద్దకు రంగాగారు పోలేదా? వెంకటగిరి రైతుల పక్షమున నిలువలేదా? 1937-38లో ఇచ్ఛాపురమునుండి చెన్నపురివఱకు సాగిన రైతురక్షణయాత్ర ఓటర్ల పట్టిక చూచుకొని నడచినది కాదు. 1936 ఏప్రిలులో లక్నోయందు అఖిలభారత కిసానుసభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు కాగా రంగాగారే ప్రధాన కార్యదర్శి. బీహారు రైతు ఆయనకు భాషచేత బంధువు కాడు, ప్రాంతముచేత బంధువు కాడు. ఆ రైతును తనవానిగా తలచినవాడు షోలాపురపు తెలుగు నేతగానిని తనవానిగా తలపకపోవుటకు కారణము ఎల్లలలో లేదు. ఆయన తలపులోనే కలదని మా యభిప్రాయము.

రంగాగారి రాజకీయమునకు మూలమైన భావ మొకటి కలదు. తన పొలమును తాను దున్నువాడును, తన మగ్గమున తాను నేయువాడును ఒక్క కోవవారని ఆయన నమ్మిరి. వారు ఎవనికిని యజమానులు కారు, ఎవనికిని కూలీలు కారు. వారి స్వాతంత్ర్యమే దేశపు వెన్నెముక. మిల్లు వచ్చి నేతగానిని కూలివానిగా మార్చుటయు, సర్కారో జమీందారో వచ్చి రైతును పాలేరుగా మార్చుటయు ఆయన దృష్టిలో ఒకే పాపము. ఈ భావమున ఉదాత్తత కలదు. కమ్యూనిస్టులతో ఆయనకు కలిగిన వైరమునకును, 1959లో స్వతంత్రపక్షమున కధ్యక్షుడగుటకును ఇదియే బీజము. అరువదేండ్ల రాజకీయమున ఆయన పక్షములు మారినవి గాని ఈ మాట మారలేదు.

కాని షోలాపురమున సొంతమగ్గ మెవనిది? ఇచ్చటి నేత పల్లెనేత కాదు, కార్ఖానా నేత. ఒక్క కప్పు క్రింద పది మగ్గములో, ఇరువది మగ్గములో, అంతకు మించియో యుండును. మగ్గము యజమానిది, నూలు యజమానిది, రంగు యజమానిది, గుడ్డ యజమానిది. నేతగానివి రెండు చేతులును రెండు కాళ్లును. యజమానియు పద్మశాలియే, కూలియు పద్మశాలియే. ఇరువురును ఒకే మార్కండేయునికి మ్రొక్కుదురు. పెండ్లిండ్లలో ఒకే పంక్తిని కూర్చుందురు. అవసరమునకు బదులిచ్చువాడు యజమాని. ఆ బదులు తీఱువఱకు మగ్గము విడిచి పోనీయనివాడును యజమానియే. కులమునకు బయటివాడు చేసిన యన్యాయముపై పోరాడుట కొంత సులభము. మేనమామ చేసిన యన్యాయముపై ఎవనికి మొఱపెట్టుకొనవలెను? మిల్లుకూలికి సంఘము కలదు, సమ్మె కలదు. ఈ కార్ఖానాకూలి గోడచాటున నున్నందున సంఘములవారికిని చాలకాలము కనబడలేదు.

ఈ భేదము నాటి పరిశోధకులకు తెలియనిది కాదు. 1941 జనవరిలో భారతప్రభుత్వము చేనేతలును మిల్లులును అను విషయమై సత్యశోధకసంఘమును నియమించినది. చెన్నపురి విశ్వవిద్యాలయ అర్థశాస్త్రాచార్యులు పి. జె. థామసుగారు దానికి అధ్యక్షులు. 1942లో వెలువడిన ఆ నివేదిక దేశమున సుమారు 20 లక్షల మగ్గములున్నవని తేల్చి, స్వతంత్రముగా నేయువాడు వేఱు, సాహుకారు నూలుపై నేయువాడు వేఱు, కార్ఖానాలో కూలికి నేయువాడు వేఱు అని స్పష్టముగా విడదీసినది. రంగాగారి రాజకీయభావము మొదటివానికి సరిగా అతుకును. రెండవవానికి కొంత సాగదీసి అతికింపవచ్చును. మూడవవానికి అతుకదు. ఆ మూడవవాడే షోలాపురమువాడు.

పొలమునందును ఇదే చిక్కు వచ్చినది. సొంతభూమి గల రైతు, జమీందారు క్రింద నలిగిన రైతు ఆయన వాక్కులో ప్రాణము పోసికొన్నారు. భూమి లేని పాలేరు మాట వచ్చునప్పటికి ఆ వాక్కు తడబడుచుండెనని ఆయన ప్రతిపక్షులు అనుచుండిరి. ప్రతిపక్షుల మాట యంతయు నిజమని మేమనము. గ్రామమున రైతును కూలియు కలిసి నిలువవలెనని ఆయన కోరినది హృదయపూర్వకముగానే. అయినను కలిసి నిలుచుట వేఱు, ఒకడై యుండుట వేఱు. కలిసి నిలిచినవారిలో ఎవనిది పై చేయి యను ప్రశ్న మిగిలియే యుండును. కార్ఖానా తలుపు మూసిన తరువాత లోపల జరుగునది ఆ ప్రశ్నయే.

యుద్ధము వచ్చినది. మిల్లులు తమ నూలుతో తామే సైన్యమునకు గుడ్డ నేయజొచ్చినవి. బజారున నూలు కఱవైనది, ధర మండినది, దొంగబజారు పుట్టినది. 1943లో గుడ్డపైనను నూలుపైనను నియంత్రణపుటుత్తరువు వచ్చినది. గుడ్డకు గిరాకి యున్న కాలముననే నేతగాడు మగ్గము ఖాళీగా పెట్టుకొని కూర్చుండిన చిత్రము అప్పటిది. నూలు పంచుట మగ్గముల యజమానుల పేర జరుగుచోట కూలివాని పేరు పట్టికలో నుండుట కవకాశమే లేదు. యజమాని తెచ్చిన దినమున పని, తేని దినమున పస్తు. ఆ కష్టకాలమున రంగాగారెక్కడ? యుద్ధసంవత్సరములలో ఆయన చెఱసాలలను చూచినవారు. అది ఆయనకు గౌరవమే. కమ్యూనిస్టులు యుద్ధమును ప్రజాయుద్ధమనగానే కిసానుసభ వారి వశమైనది. రంగాగారిది వేఱుదారి యైనది. ఒకరు జైలులో, ఒకరు ఉత్పత్తి ఆగరాదను ప్రచారములో. నూలు క్యూలో నిలిచినవానికి ఇరువురును దవ్వే.

ఇచ్చట మాకు హంగేరీ దేశపు రాజకీయవేత్త యొకడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. మన రైతునాయకుల కాలముననే, తూర్పు ఐరోపాలో రైతుపక్షములు తలయెత్తిన దినములలో జీవించినవాడు, ఎండ్రె బాయ్చి-ఝిలిన్‌స్కీ. ఆ దేశమున 1922నుండి పల్లెనియోజకవర్గములలో ఓటు బహిరంగముగా వేయవలసియుండెను. జమీందారు గుమాస్తా యెదుట నిలిచి రైతు తన యభ్యర్థి పేరు పలుకవలెను. రహస్యపు ఓటు 1939 ఎన్నికలలో గాని మరల రాలేదు. మన ఆస్తి ఓటునకును వారి బహిరంగపు ఓటునకును ఫలమొక్కటే: పేదవాడు సభలో లేకుండుట.

బాయ్చి-ఝిలిన్‌స్కీ తొలిబ్రతుకు చూచిన నెవరును అతనిని పేదల పక్షపువాడని చెప్పజాలరు. 1911లో ఆంద్రాష్ ఆహిం అను రైతునాయకునితో అతడును అతని సోదరుడును కలహించిరి. ఆ కలహములో పేలిన తుపాకీకి ఆ నాయకుడు చనిపోయెను. మొదటి యుద్ధము పిమ్మట ఇతడు గోంబోషుతో చేరి జాతిరక్షణ మను పేర యూదులను ద్వేషించు పక్షమున మెలగెను. అట్టివాడు క్రమముగా మారెను. 1930లో వేఱుపక్షము పెట్టెను. 1936లో చిన్నరైతుల స్వతంత్రపక్షమున చేరెను. ఏ వర్గపు నాయకుని ప్రాణము తన కలహమున పోయెనో, ఆ వర్గపు పక్షముననే నిలిచెను. 1942 జనవరిలో నొవిసాడు ప్రాంతమున హంగేరీ సైనికులు సెర్బులను, యూదులను వేలకొలది చంపినప్పుడు, తన దేశము యుద్ధమున నుండగానే తన సైన్యము చేసిన హత్యలకు విచారణ కోరెను. 1944 మార్చి 19న జర్మనులు దేశము నాక్రమించి అతనిని పట్టుకొనవచ్చినప్పుడు పిస్తోలుతో ఎదిరించి గాయపడెను. ఆ యేటనే డిసెంబరు 24న షోప్రోన్‌కోహిద చెఱసాలలో ఉరికంబ మెక్కెను.

రంగాగారిని ఇతనితో పోల్చుట మా యుద్దేశము కాదు. రంగాగారి తొలినాళ్లలో పశ్చాత్తాపపడవలసిన దేదియు లేదు. మేము చూపదలచిన దింతియే. హంగేరీవాడు ఆరంభించిన చోటు మిక్కిలి యిఱుకైనది. ముగిసిన చోటు మిక్కిలి విశాలమైనది. తనవా రెవరు అను ప్రశ్నకు అతడు ప్రతి పది యేండ్లకును క్రొత్త సమాధాన మిచ్చుకొన్నాడు. రంగాగారు విశాలముగా ఆరంభించిరి. 1930 నాటి గ్రంథమున నేతగాడున్నాడు, అప్పున్నది, సాహుకారున్నాడు. తరువాతి పదునైదేండ్లలో ఆ వైశాల్యము హెచ్చలేదు. రైతు పెద్దవాడైన కొలదిని నేతగాడు రైతుసభ తీర్మానములలో ఒక పంక్తియై మిగిలినాడు. దోషమనుటకంటె అది కాలపు ఒత్తిడి యనుటయే న్యాయము. జమీందారీల రద్దు అప్పటి మంట, మంటయొద్దకే నీరు పోవును. కాని పండితుడు గనుక ఆయనను మనము పెద్దగజముతో కొలుచుచున్నాము.

ఆయన శిష్యులలో నేతను విడువనివాడు ప్రగడ కోటయ్యగారు. ఆయనదియు నిడుబ్రోలే. రాజకీయమంతయు చేనేత సహకారసంఘములచుట్టు నడపినవాడు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థ నేడు ఆయన పేర నున్నది. ఏ జమీందారీపై గురువు పోరెనో ఆ యూరనే శిష్యుని పేర నేతపాఠశాల వెలసినది. ఇది రంగాగారి ఖాతాలోనే జమకట్టవలెను. అయితే ఆ సహకారసంఘములును ముఖ్యముగా సొంతమగ్గము గలవానివే. అందు సభ్యత్వమునకు మగ్గము కావలెను గదా.

షోలాపురమున నాయకత్వము తరువాత వచ్చినది, వేఱుదారిని వచ్చినది. వయోజనులందఱకును ఓటు కలిగిన పిదప ఆ పేటల సంఖ్యాబలము లెక్కకు వచ్చెను. 1980లోను 1984లోను గంగాధర కుచన్‌గారు, 1989లోను 1991లోను ధర్మణ్ణ సాదుల్‌గారు, 1996లో లింగరాజు వల్యాల్‌గారు షోలాపురమునుండి లోకసభకు పోయిరి. మువ్వురును తెలుగు పద్మశాలీలే, ఒకే పక్షమువారు మాత్రము కారు. మహారాష్ట్రమున నొక లోకసభ స్థానమును పదునెనిమిదేండ్లు తెలుగునేతవారు నిలుపుకొన్నారన్న సంగతి మన రాజధానిలో ఎందఱికి తెలియును? మేమును కొంత ఆలస్యముగానే తెలిసికొంటిమి, ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

అంతకు ముందే 1978లో నర్సయ్య ఆడంగారు మార్క్సిస్టు పక్షమున శాసనసభకు ఎన్నికైరి. 1995లోను 2004లోను మరల గెలిచిరి. ఈయన రాజకీయము సాంచాకూలి కూలిరేటుమీదను, బీడీలు చుట్టు స్త్రీమీదను నిలిచినది. ఈ స్త్రీలెవరు? మగ్గముపై ఒకప్పుడు కండెలు చుట్టి, పడుగు సవరించి, కూలి లేక సగము నేత తామే నేసినవారు. సాంచా రాగానే వారి చేతిపని పోయినది. ఆకు, పొగాకు చేతికి వచ్చినవి. కుంభారియొద్ద గోదూతాయి పరులేకరు పేర బీడీకార్మికురాండ్రకు 10,000 ఇండ్లు లేచినవి. 2024 జనవరిలో రాయనగరమునందు మఱి 15,000 ఇండ్లు ప్రధానమంత్రి చేతులమీదుగా కార్మికులకు ముట్టినవి. గోదావరి పరులేకరు యుద్ధాంతమున ఠాణా మండలమున వార్లీ కూలీల పోరాటమును నడపినామె, రంగాగారి సమకాలికురాలు. ఆమె పేర నున్న వాడలో నేడు తెలుగింటి ముగ్గు కనబడును.

పాఠకులు దీనినిబట్టి మేము ఒక పక్షమును మెచ్చి వేఱొక పక్షమును దూషించుచున్నామని తలపకుందురు గాక. ఇల్లు వచ్చినంతమాత్రాన కూలి వచ్చినట్లు కాదు. కార్మికరాజకీయము కూలిరేటు నడిగినది గాని సాంచా ఎవనిది యను ప్రశ్నను లోతుగా అడుగలేదు. ఆ ప్రశ్న రంగాగారిది. అది మంచి ప్రశ్న. చేతిపనివాడు తన పనిముట్టునకు తానే యజమాని కావలెనన్న మాట షోలాపురపు కార్ఖానాలో ఎవరైనను గట్టిగా పలికియుండినచో, నలువదేండ్లు నేసిన వృద్ధుడు కడకు పరుల గదిలో పరుల సాంచా ప్రక్కన నిలిచి మాతో మాటలాడవలసివచ్చెడిది కాదేమో. షోలాపురపు చద్దరు భౌగోళిక గుర్తింపు పొందిన సరకులలో నొకటి. గుర్తింపు చద్దరునకు వచ్చినది. నేసినవాని పేరు ఆ చీటిమీద లేదు.

కనుక రంగాగారు ఆ పేటకు రాకపోవుటచేత నష్టపడినది పేట మాత్రమే కాదు. ఆయన భావమును నష్టపడినది. సొంతమగ్గము లేనివాని యెదుట నిలిచి ఆ భావమును పరీక్షించుకొనియుండినచో, అది పొలముగట్టు దాటి కార్ఖానా వాకిలివఱకు వచ్చియుండెడిది. ఉన్నవానికి నిలుపుకొను హక్కు ఒకటే కాక, లేనివానికి సంపాదించుకొను మార్గమును వెదకియుండెడిది. కార్ఖానాకూలీలకు వాయిదాలపై మగ్గములిప్పించు సంఘము, సంఘమునకే నూలుకోటా, యజమానికి బాకీపడినవాడు పని మానుకొనుటకు రక్షణ: ఇవి 1943లో అడుగదగిన కోరికలే. పేరు పలికి అడుగువాడు లేకపోయెను.

మేము వృద్ధుని యొద్ద సెలవు తీసికొనునప్పుడు ఆయన మనుమడు, కళాశాలలో లెక్కల శాస్త్రము చదువుచున్నవాడు, మాతో వీథి చివరవఱకు వచ్చెను. రంగాగారి పుస్తక మెచ్చట దొరకునని యడిగెను. చదువుకు పనికివచ్చునా యనలేదు, "మా కార్ఖానా సంగతి అందులో ఉన్నదా?" అనెను. అది దక్షిణదేశపు మగ్గములనుగూర్చి వ్రాసినదని చెప్పితిమి. కొంచె మాలోచించి, మరాఠీలోను తెలుగులోను కలిపి, అయితే ఇచ్చటి యిండ్ల లెక్క తాను వ్రాసిపెట్టెదననియు, ఎట్లు వ్రాయవలెనో ఆ పుస్తకము చూచి నేర్చుకొందుననియు చెప్పెను. పుస్తకపు ప్రతి యొకటి సంపాదించి పంపెదమని మాట యిచ్చి వచ్చితిమి.